పది లక్షల మూడు

“మంగా, పలక బేగి పట్రావే!” ముందుగదిలోంచి అప్పలనరసింహం మాస్టారి కేక.

వంటింట్లో వర్ధనమ్మకి ఒళ్లు మండిపోయింది. పెళ్లిచూపులకొచ్చినవాడికి ఉప్మా, కాఫీ ఇస్తారు గానీ లెక్క ఇచ్చే ఇల్లు నర్సీపట్నం మొత్తం మీద ఇంకోటుందా?

మాస్టారు జన్మంతా లెక్కలు చెప్పినాయన. ఒక పెద్ద సంఖ్య ఇస్తే దాన్ని రెండు చిన్న సంఖ్యల లబ్ధంగా విడగొట్టగలిగినవాడే తనకి అల్లుడని పంతం. కళ్లకి శుక్లాలొచ్చాయి కనక పలక మీద సంఖ్య వేసేది మాత్రం బీయస్సీ చదివిన కూతురు అలివేలుమంగ. పాయకరావుపేట బ్యాంకు గుమాస్తా ఆ పలకతో చెమటలు కక్కి, చెప్పాపెట్టకుండా లేచి వెళ్లిపోయాడు. కోటవురట్ల ఓవర్సీరుకీ అదే సంఖ్య పడింది. “పది లక్షల మూడట! మీరూ, మీ లెక్కలూ!” అని పలక బల్ల మీద పడేసి, కాఫీ ముట్టకుండా వెళ్లాడు. ఇవాళ్టివాడూ పోతే ఇక ఈ గుమ్మం ఎక్కేవాడుండడని వర్ధనమ్మ బెంగ.

“చదువుకున్నదానివి, నువ్వైనా మీ నాన్నకి సెప్పకూడదేటే?”

“నే చెప్తే వింటారేటమ్మా?” అంటూ మంగ పలక మీద అంకెలు గబగబా వేసింది. తలుపుసందులోంచి ముందుగదిలోకి చూసింది. గొలుగొండలో సైన్సు మాస్టారు భానుమూర్తి, నాన్న చేతిలోంచి జారిపడిన కర్రని వంగి తీసి, ఆయన చెయ్యి పట్టుకుని మరీ అందిస్తున్నాడు. మంగ చివరి అంకె కొంగుతో తుడిచి మళ్లీ వేసింది.

“ఇప్పుడు ముత్యాల కోవలా ఉండాలేటే? బేగెళ్లు తల్లీ!”

మంగ వెళ్లింది. వర్ధనమ్మ తలుపు వెనక నిలబడింది.

“పది లక్షల...” అని భానుమూర్తి చదవడం వినపడగానే ఆవిడకి మిగతాది వినే ఓపిక పోయింది. సింహాచలం అప్పన్నకి మొక్కుకుని కళ్లు మూసుకుంది. ఈ మనిషితో ఎలా వేగాలి దేవుడా అనుకుంది.

“నూట ఒకటితో పోతుందండీ,” అన్నాడు భానుమూర్తి కాసేపటికి. “రెండోది తొమ్మిది వేల తొమ్మిది వందల ఒకటి.”

మాస్టారు మనసులోనే గుణించుకుని తొడ మీద చరుచుకున్నారు. “సరిపోయిందోయ్! వర్ధనం, పంచాంగం తీసుకురా!”

అందరూ వెళ్లాక కూడా వర్ధనమ్మ చిరాకు తగ్గలేదు. “ఇతను కాఫీ చల్లారకుండా తేల్చేశాడు. ముందొచ్చిన సన్నాసులిద్దరికీ ఏటొచ్చిందే? ఎన్ని నిద్దర్లు లేకుండా చేశారు నాకు!”

“పాపం, వాళ్లనేమీ అనకమ్మా,” అంది మంగ పలక తుడుస్తూ. “పది లక్షల మూడు దేనితోనూ పోదు.”