శబ్దం లేని కెమెరా

"తీశావా, అల్లుడూ?" పొట్ట లోపలికి లాక్కుని, ఊపిరి బిగబట్టి అడిగారు మామయ్య.

"ఎప్పుడో తీసేశాను మామయ్యా! ఇది నేను డిజైన్ చేసిన కెమెరా. ఒకటే బటన్. చప్పుడు కూడా ఉండదు."

"చప్పుడు రాకపోతే మాకెలా తెలుస్తుందయ్యా? దవడలు లాగేస్తున్నాయి!" నవ్వు చెదరకుండా పళ్ల సందులోంచే అన్నారు అత్తయ్య.

ఆరు నెలలుగా బటన్ నొక్కేవాళ్ల గురించే ఆలోచించాను. ఎదురుగా నిలబడేవాళ్లు గుర్తే రాలేదు.

"సరే, ఇంకొక్కసారి నిలబడండి." ఈసారి నోటితోనే "టిక్" అన్నాను.

మామయ్య "హమ్మయ్య" అంటూ ఊపిరి వదిలారు. పొట్ట బయటికొచ్చింది. అది చూసి అత్తయ్య పగలబడి నవ్వారు.

అప్పుడు నొక్కాను బటన్.

మర్నాడు ఆఫీసులో రాసిచ్చాను: "ముందు చప్పుడు రావాలి. ఫొటో ఒక్క క్షణం ఆగి పడాలి."