ప్రీమియం సెట్టు

గోల్ఫ్ కర్రల అంగడిలోకి వస్తూనే హేమమాలిని భర్తను ఒక మూల నిలబెట్టి, కౌంటరు దగ్గరికి పోయింది. మరుక్షణమే అక్కడ గుసగుసలు మొదలయ్యాయి.

శివరామ్ చెవులు రిక్కించాడు. ఏసీ హోరు, కింద టి. నగర్ వీధిలో హారన్లు. వాటి మధ్య భార్య మాట ఒక్కటే తెగి వచ్చి అందింది.

"ఆయనకి తెలియకూడదు."

ఆయన అంటే తనే. ఇంకెవరు?

శివరామ్ మొదటినుంచీ అనుమానం మనిషి కాడు. పురసవాక్కంలో బట్టల కొట్టు నడిపినన్నాళ్ళూ మాట మీదే వ్యాపారం చేశాడు. ఆదివారం తెల్లారితే గోల్ఫ్ మైదానంలో ఉండేవాడు. నాలుగేళ్ళ కిందట జబ్బు చేసి ఆసుపత్రిలో పడ్డాడు. వరండాలో డాక్టరు హేమమాలినికి ఒకటి చెబితే, ఆమె లోపలికొచ్చి అతనికి ఇంకొకటి చెప్పింది.

"ఆరు నెల్లలో అంతా బాగైపోతుందంట" అంది.

బాగు కాలేదు. బాగు కాదని ఆమెకు ఆ రోజే తెలుసన్న సంగతి చాలా ఆలస్యంగా బయటపడింది. తన మంచికే చెప్పింది, నిజమే. కానీ అప్పటినుంచీ ఆమె గొంతు తగ్గితే చాలు, అతనికి ఒళ్ళు మండుతుంది. ఆటా మానేశాడు. పాత కర్రల సెట్టు ఎవరికో ఇచ్చేశాడు.

ఇన్నాళ్ళకు మళ్ళీ ఆడమని పోరి పోరి ఒప్పించింది ఆమే. అతను ఒకే షరతు పెట్టాడు. కొంటే మామూలు సెట్టే కొనాలి. ఆట సాగుతుందో లేదో తెలియని మనిషికి ఖరీదైన ప్రీమియం రకం దండగ.

"ఇదిగోండి సార్, మీరడిగిన మామూలు రకం." అంగడి నడిపే జగన్ ఒక కర్ర తెచ్చి చేతికిచ్చాడు. అతనిది విజయవాడ వైపు మాట.

శివరామ్ పిడి బిగించి పట్టుకున్నాడు. కర్ర మీద ఏ కంపెనీ పేరుందో అడగలేదు. పేరుదేముంది, ఎవరైనా అచ్చేస్తారు. కొట్టి తేల్చుకోవాలి.

వెనక గదిలో బంతి కొట్టి చూసేందుకు వల కట్టి ఉంది. జగన్ అక్కడికి తీసుకెళ్ళి బంతి పెట్టాడు. మొదటి దెబ్బ కింద పరిచిన చాపకు తగిలింది. నాలుగేళ్ళయింది మరి. రెండోది బంతికి తగిలింది. టక్కుమని తీయని చప్పుడు. చేతుల్లోకి ఏ అదురూ రాలేదు, వెన్నను కోసినట్టు పోయింది.

ఇది మామూలు రకమా?

"ప్రీమియం కూడా ఒకటి ఇయ్యి" అన్నాడు.

"అదెందుకు సార్, మీరు మామూలుదే కావాలన్నారుగా..."

"ఇయ్యి."

ఆ రెండో కర్రతో కొడితే రేకు డబ్బాను తన్నినట్టు మోగింది. మోచేతి దాకా జివ్వుమంది.

"హేమా, ఈడికి రా."

ఆమె వచ్చింది.

"దేని పేరు దేనికి పెట్టినారు ఇద్దరూ కలిసి?"

జగన్ దగ్గాడు. "అంటే సార్, మేడమే..."

"నువ్వుండు జగన్" అంది హేమమాలిని. "నేనే మార్చి చెప్పమన్నాను. మొదట ఇచ్చిందే ప్రీమియం. మీరు ముందు ఆడినది ఆ రకమే కదండీ. అది చేతికొస్తే మళ్ళీ పాత మనిషి అయిపోతారేమో అని..."

"ఆసుపత్రిలోనూ ఇట్లనే. నా మంచికే."

శివరామ్ కర్రను చాప మీద ఆనించాడు.

"ఇంగొక్కసారి నాకు అబద్ధం చెప్తే, ఆట కాదు, నేను ఇల్లే కదలను. చెప్తా ఉండాను."

"ఇంగ చెప్పను."

"సరి. అట్లయితే ఇప్పుడు చెప్పు. రెండిట్లో నాకు ఏది సరిపోతుంది? నన్ను సంతోషపెట్టేదానికి కాదు, నిజం చెప్పు."



"మామూలుదే" అంది హేమమాలిని. "దాని తల పెద్దదంట. బంతి సరిగ్గా నడుమ తగలకపోయినా ముందుకు పోతుందంట. ప్రీమియం అట్ల కాదు, గురి తప్పితే ఒప్పుకోదు. మీకు... ఇప్పుడు మీకు గురి తప్పుతుందండీ."

అంత కటువు మాట ఈ నాలుగేళ్ళలో ఆమె నోట వినలేదు. కోపం రావలసింది. దానికి బదులు, ఎవరో గుండెల మీద నుంచి మూట దించినట్టనిపించింది.

"మామూలుదే ప్యాక్ చెయ్యి జగన్" అన్నాడు.

అయినా అనుమానం చావలేదు. ఇంటికి తెచ్చేదాకా ఆగి, గది తలుపేసుకుని, ఒక్కో కర్ర తలనూ గోటితో మీటి చూసుకున్నాడు. అన్నీ రేకు చప్పుడే చేశాయి. మామూలుదే.

ఆదివారం పొద్దున్నే మైదానానికి వెళ్ళారు. తడి గడ్డి వాసన, దూరంగా కాకుల గోల. ఇద్దరూ కలిసి మొదటి బంతి పెట్టిన చోట నిలబడ్డారు.

"గుంట జెండా నేరుగా ఉండాది" అంది హేమమాలిని. "నూట ఇరవై గజాలు. కుడి పక్కన నీళ్ళు."

"నిజంగానా?"

"నిజంగానే."

శివరామ్ కర్ర పట్టుకుని ఆగిపోయాడు. "ఎవరైనా మన పక్కే చూస్తా ఉండారా?"

'లేరు' అనేస్తే సరిపోయేది. ఆమె ఒక్క క్షణం తటపటాయించింది.

"ఉండారు. ఇద్దరు నిలబడి చూస్తా ఉండారు."

అతని పెదవుల మీద చిన్న నవ్వు వచ్చింది. హేమమాలిని వంగి, కర్ర తలను బంతి వెనక ఆనించి, పక్కకు తప్పుకుంది.

రెండు కళ్ళూ పోయిన ఈ నాలుగేళ్ళలో మొదటిసారి, శివరామ్ ఆమె మాట ఒక్కదాన్నే నమ్ముకుని బంతిని కొట్టాడు.