ఏడో పాయింటు

"మళ్లీ ఏడో పాయింటే," అంది అమల, కంప్యూటర్ మీంచి కళ్లు తియ్యకుండా. "సోమవారమూ అదే. ఈరోజూ అదే."

సీసాలు బల్ల మీద పెడుతున్న జ్యోతి ఆగింది.

"ఏమొచ్చింది మేడం?"

"విబ్రియో."

జ్యోతికి ఆ మాట కొత్త. అడగడానికి మొహమాటపడింది.

అమల ల్యాబ్ దిల్‌సుఖ్‌నగర్‌లో, కార్పొరేషన్ వాళ్ల పాత కాంప్లెక్స్ రెండో అంతస్తులో ఉంది. మురుగునీటిని పరీక్షించి, జబ్బు జనంలో పాకకముందే పసిగట్టడం వాళ్ల పని. ఊళ్లో పుట్టిన ఇలాంటి చిన్న కంపెనీలు నిలదొక్కుకోవాలని కార్పొరేషన్ ఏడాదిపాటు కిరాయి లేకుండా గది ఇచ్చింది. ఎల్బీనగర్‌లో పది మ్యాన్‌హోళ్లు చూపించింది. సీసాలు నింపి తెచ్చేందుకు పారిశుద్ధ్య విభాగం నుంచి జ్యోతిని పంపింది. ఫలితాలు బాగుంటే నగరం మొత్తం పని వాళ్లకే ఇస్తానంది.

ఏడో పాయింటు ఒక పెద్ద అపార్ట్‌మెంట్ గేటు ముందుంది. అరవై నాలుగు ఫ్లాట్లు. అమల వెంటనే హెల్త్ ఆఫీసర్ మహిపాల్‌కు ఫోన్ చేసింది.

మూడు రోజులు ఆయన మనుషులు ఫ్లాట్ ఫ్లాటూ తిరిగారు. సంపులో నీళ్లు, ట్యాంకుల్లో నీళ్లు పట్టుకెళ్లారు. ముసలీ ముతకా, పిల్లా జెల్లా అందరికీ పరీక్షలు చేశారు. అసోసియేషన్ వాళ్లు మండిపడి పైకి ఫిర్యాదు చేశారు.

నాలుగోరోజు మహిపాల్ స్వయంగా ల్యాబ్‌కి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఒక్కరికి గూడ లేదమ్మా. నీళ్లు సాఫ్. గంతమందిని పరేషాన్ చేసినం."

"మా పరీక్ష తప్పు కాదండీ. మూడుసార్లు చేసి చూశాం."

"నాకైతే మీ మీద నమ్మకముండె. పైన నమ్ముతలేరు. నెలాఖరుకు గది ఖాళీ చెయ్యమన్నరు."

ఆయన వెళ్లాక అమల అలాగే కూర్చుండిపోయింది. నాలుగేళ్ల కష్టం. తనను నమ్మి మంచి ఉద్యోగాలు వదులుకొచ్చిన నలుగురు. తప్పెక్కడ జరిగిందో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

జ్యోతి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది.

"మేడం... గా విబ్రియో అంటే ఏంది?"

"కలరా క్రిమి, జ్యోతీ. మీ వైపు గత్తర అంటారు చూడు, అదే."

"చిన్నపిల్లలకు గూడ ఒస్తదా?"

"వాళ్లకే ఎక్కువ ప్రమాదం. వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే పసివాళ్లు ఒక్క పూట కూడా తట్టుకోలేరు. ఎందుకూ?"

జ్యోతి సీసాల సంచి అక్కడే వదిలేసి, చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి పరుగెత్తింది.

పని పోతోందని దిగులుపడిందేమో అనుకుంది అమల.

కంపు భరించలేమని అపార్ట్‌మెంట్ వాళ్లు ఒక్కనాడూ మూత తియ్యనివ్వకపోవడంతో, మొదటిరోజు నుంచీ జ్యోతి ఏడో పాయింటు సీసా నింపుతున్నది బస్తీలో తన గుమ్మం ముందున్న మోరీలోంచే.