లెక్కలోకి రాని చుట్లు

కూతురు సింధు బ్యాంకు పరీక్ష పాసయ్యేదాకా రోజూ ఎల్బీనగర్ ఆంజనేయస్వామికి యాభై నాలుగు ప్రదక్షిణలు చేస్తానని సూర్యప్రభ మొక్కుకుంది. సింధు కూడా పక్కనే నడవాలి. తల్లి చుట్టుకొక పాతకాలపు ఇంగ్లీషు మాట అడుగుతుంది. అర్థం తప్పు చెబితే ఆ చుట్టు లెక్కలోకి రాదు.

"ఫోర్ట్‌నైట్ అంటే?"

"కోటలో రాత్రి కాపలా."

"కాదే, పదిహేను రోజులు! ఈ చుట్టు పోయింది, నడు. పెరాంబులేట్ అంటే?"

"ఉయ్యాల ఊపడం."

"చుట్టూ నడవడం తల్లీ! దిల్‌సుఖ్‌నగర్ కోచింగులో ఏం నేర్పారే నీకు? స్వామీ, నువ్వే దిక్కు."

యాభై నాలుగు లెక్కకొచ్చేసరికి డెబ్భై రెండు తిరిగారు. సూర్యప్రభ చెమట తుడుచుకుంటూ తీర్థానికి వెళ్లింది.

మెట్ల దగ్గర పూలమ్మే ఆవిడ సింధును పిలిచింది. "రోజూ ఇని ఇని గా మాటలన్నీ నాకే ఒచ్చినయి బిడ్డా. నీకెందుకు రావు? మీ అమ్మ ఎంత పరేషాన్ అయితుందో, జర చదువు."

సింధు గొంతు తగ్గించింది. "అన్నీ వచ్చు ఆంటీ. పోయిన వారమే పాసయ్యాను, అమ్మకింకా చెప్పలేదు. తనకి షుగర్ ఎక్కువైంది. రోజూ గంట నడవమన్నాడు డాక్టరు. పార్కుకి రమ్మంటే రాదు. నేను తప్పు చెబితేనే నడుస్తుంది."

ఇంతలో సూర్యప్రభ తిరిగొచ్చి, ఇంటికి పోదాం పదమంది.

"ఆగమ్మా!" అని కేకేసింది పూలావిడ. "మీ బిడ్డ ఇంకో మూడు తప్పు చెప్పింది. నువ్వే సరిగ్గ ఇనలే!"