ర్యాంపు మీద బంగాళాదుంపలు

డెలీన్ అన్నిటికంటే భయపడేది ఒక్కదానికే: పడవ తప్పిపోవడానికి.

పడవ తప్పితే అవతలి ఒడ్డున పాపని చూసే డాక్టరు దొరకడు. ఒక్క వారం తప్పినా వరసలోంచి పేరు తీసేస్తారు; మళ్ళీ పిలుపొచ్చేసరికి చలికాలం. ఆ చలికి పసిదాని ఊపిరి తట్టుకోదు.

డెలీన్ చదువు సగంలో ఆపి తల్లయింది. అప్పట్నుంచి న్యూఫౌండ్‌లాండ్‌లోని ఆ చిన్న దీవిలో అందరిదీ ఒకటే మాట.

"దాని పడవ ఎప్పుడో వెళ్ళిపోయింది."

అంటే, ఇక దాని బతుకింతేనని.

అసలు పడవ మాత్రం ప్రతి మంగళవారం దొరికేది. పాలు కక్కిన గౌను మార్చి, పాప బండి తోసుకుంటూ కొండ దిగేసరికి ఆలస్యమే. అయినా దొరికేది.

'ఇందులోనైనా అదృష్టం ఉంది' అనుకునేది.

పడవలోకి ఎక్కే ర్యాంపు మీద ఎప్పుడూ ఓ ముసలాయన అడ్డం. మొన్న వసంతంలో ఎక్కడినుంచో వచ్చి దిగినవాడు. ప్రతిసారీ సంచి జారవిడుస్తాడు. బంగాళాదుంపలు దొర్లిపోతాయి. ఒక్కోటీ తుడిచి తుడిచి ఏరతాడు.

ఆ మంగళవారం పాప రాత్రంతా దగ్గింది. డెలీన్‌కి ఒళ్ళు మండింది.

"పెద్దాయనా, సంచికి ముడేసుకోవడం కూడా రాదా? నీ మూలాన అందరికీ ఆలస్యం!"

"దుంపలకి కూడా టికెట్ తీసుకో తాతా!" అన్నారెవరో. అందరూ నవ్వారు.

"తప్పే తల్లీ. ఇంకెప్పుడూ జారనివ్వను," అన్నాడాయన.

మరుసటి వారం ఆమె కొండ దిగేసరికి పడవ నీళ్ళ మధ్యలో ఉంది.

"క్లెమ్! కాస్త ఆగలేకపోయారా?" రేవులో తాళ్ళు చుడుతున్నవాడి మీద అరిచింది.

"నువ్వెప్పుడు టైముకొచ్చావు గనక?"

"మరి ఇన్నాళ్ళూ ఎలా దొరికింది?"

"ర్యాంపు మీద మనిషుంటే దాన్ని ఎత్తకూడదు, ఎత్తందే పడవ కదలదమ్మడూ. సైలస్ ముసలాయన కొండకేసి చూస్తుండేవాడు. నీ బండి కనబడితేగానీ ఆ దుంపలు ఏరడం అయ్యేది కాదు."

డెలీన్ రేవంతా కలయజూసింది.

"ఇవాళేడీ?"

"పోయిన వారం నుంచీ గడప దాటలేదట."

"అవతలి ఒడ్డున ఆయనకి పనుంది కదా?"

"పనా? అదే పడవలో తిరిగొచ్చేసేవాడు. ఎప్పుడూ అవే దుంపలు. మొలకలు కూడా వచ్చేశాయి."

పాపని ఎత్తుకుని ఆయన ఇంటికి పరుగెత్తింది. తలుపు కొట్టింది. క్షమించమంది. లోపలినుంచి అలికిడి లేదు.

ఉత్తరపు ఒడ్డున చిట్టచివరి ఇల్లు అది. మీరెవరైనా అటు వెళితే, ఆమె గొంతుకి తెరుచుకోని ఆ తలుపు ఒక్కసారి తట్టి, ఆయన బాగున్నాడో లేదో చూడండి.