గొంతు పోయిన పరామర్శ

“ఏమీ అనుకోకు తమ్ముడూ, ఈయనకి గొంతు పోయింది. ఆదివారం మైకు పనిచెయ్యకపోయినా ప్రసంగం ఆపితేనా!” గుమ్మంలోనే చెప్పేసింది పాస్టరమ్మ.

భార్య పోయి వారం తిరగని వడ్రంగి ఇద్దరికీ స్టూళ్లు వేశాడు. పాస్టరుగారి ప్రాణం ఉసూరుమంది. ఓదార్పు మాటల్లో ఆయనకు సాటి లేరని పేరు. సరిగ్గా ఇవాళే నోరు పెగలదు. గత్యంతరం లేక అతని చెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

కాసేపటికి వడ్రంగే నోరు విప్పాడు. “ఆ కిటికీ తలుపు బాగుచెయ్యమని ఎంత పోరిందో అయ్యగారూ! ఊరందరి తలుపులూ చేశాను, అదొక్కటే చెయ్యలేదు.” బావురుమన్నాడు. తర్వాత ఆమె ముచ్చట్లన్నీ చెప్పుకొచ్చాడు. మధ్యలో ఒకసారి నవ్వాడు కూడా.

సాగనంపుతూ అన్నాడు: “మీ ప్రసంగాలు చాలా విన్నాను గానీ, ఇవాళ చెప్పినంత బాగా ఎప్పుడూ చెప్పలేదు అయ్యగారూ.”

వీధిలోకి వచ్చాక పాస్టరమ్మ నవ్వాపుకుంటూ గొంతు బిళ్ల అందించింది.

“అక్కర్లేదులే,” అన్నారాయన, ఖంగుమనే గొంతుతో.

“అదేంటి! ఎప్పుడొచ్చింది?”

“అతను ఏడుస్తున్నప్పుడే. దగ్గితే తెలిసింది.”

“మరి ఒక్క మాటైనా అనలేదేం?”

“బైబిలు వాక్యం నాలిక చివరే ఉంది. కానీ అతనింకా చెప్పుకుంటున్నాడు కదా.”