లిస్టులో పదమూడోది

“ఇంకొంచెం ఎత్తమ్మా, చక్రం గడప దాటాలి,” అన్నాడు హనుమయ్య రొప్పుతూ.

పది లీటర్ల గ్రైండరు. కోయంబత్తూరు నుంచి ఓడెక్కి టెక్సాస్ దాకా వచ్చింది గానీ, కాపెల్‌లోని ఈ టిఫిన్ సెంటర్ వెనక గడప దగ్గర మాత్రం మొరాయిస్తోంది. తొమ్మిదింటికి కాన్‌స్టేబుల్ వస్తాడు. కోర్టు ఆర్డర్ చూపించి, అద్దె బాకీ కింద సామానంతా జప్తు చేసి వేలానికి పట్టుకుపోతాడు. అప్పటికే ఎనిమిదీ నలభై.

“వద్దు బాబాయ్! తెలిస్తే మీకే మాటొస్తుంది,” అంది గీతాంజలి. మూడేళ్లుగా చీకటితోనే వచ్చి ఇక్కడ పిండి రుబ్బే మనిషి. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయాయి.

“వస్తే రానీ. రేపట్నుంచి నువ్వెలా బతుకుతావు? ఇక్కడి మిక్సీల్లో రుబ్బితే అవి ఇడ్లీలా, కంకర్రాళ్లా? ఇంట్లోనే రుబ్బి పిండి డబ్బాలమ్ముకో.”

“పోనీ మీ వ్యాన్‌లో పెడదామా?”

“అమ్మో! లక్ష్మి చూసిందంటే నన్ను కూడా వేలం వేస్తుంది. నీ కార్లోనే పెట్టు.”

తలుచుకోగానే భార్య ఫోన్ చేసింది.

“ఎక్కడున్నారు?”

“షాపులోనే.”

“నాలుగిడ్లీలు కంటబడితే మీకు అద్దె సంగతే గుర్తుండదు. మీ మొహమాటంతోనే ఎనిమిది నెలలది పేరుకుపోయింది. బ్యాంకువాళ్లు మళ్లీ లెటర్ పంపారు. ఇంతకీ లిస్టులో గరిటెలు కూడా ఉన్నాయా?”

“ఉన్నాయి. ఏదీ వదల్లేదు.”

“సంతకం పెట్టింది మీరేగా. ఇప్పుడు బాధపడి ఏం లాభం?”

హనుమయ్య ఫోన్ కట్ చేశాడు. వారం రోజులుగా కంటిమీద కునుకు లేదు. ఆ సంతకం పెట్టిన చేతిని నరుక్కోవాలనిపించింది.

ఇద్దరూ కలిసి గ్రైండరును కారు వెనక సీట్లోకి ఎక్కించారు. “ఇన్నాళ్లూ మీ నీడన బతికాను బాబాయ్,” అని గీతాంజలి కారు స్టార్ట్ చేసింది. అది వెనక సందు తిరిగిందో లేదో, ముందు తలుపు చప్పుడైంది.

“హనుమయ్య మీరేనా?”

“నేనే.”

కాన్‌స్టేబుల్ మర్యాదస్తుడే. టోపీ చంకలో పెట్టుకుని, లిస్టు చదువుతూ ఒక్కోదానికీ చీటీ అంటించాడు. ఫ్రిజ్, స్టవ్, ఇడ్లీ పాత్రలు, గరిటెలు నలభై రెండు. హనుమయ్య కాలుగాలిన పిల్లిలా వెంట తిరిగాడు.

“పదమూడు. గ్రైండరు. ఎక్కడుంది?”

“లేదు.”

“లిస్టులో ఉందే?”

“లిస్టు రాసినవాడు పొరబడ్డాడు.”

నేలమీద గుండ్రటి పిండి మరక. హనుమయ్య దానిమీద బూటు పెట్టి నిలబడ్డాడు. మరక పెద్దది, బూటు చిన్నది.

కాన్‌స్టేబుల్ మరకను చూశాడు, బూటును చూశాడు, తర్వాత ఆయన మొహం చూశాడు. హనుమయ్య బూటు ఇంకాస్త పక్కకు జరిపాడు. కోర్టు మనిషికి అబద్ధం చెప్పడం ఈ వయసులో ఇదే మొదలు.

“మీరే లేదంటే ఇక నాకేం పని?” అంటూ కాన్‌స్టేబుల్ పదమూడో నంబరు కొట్టేసి, కాగితం ముందుకు జరిపాడు. “ఇక్కడ సంతకం పెట్టండి.”

‘లిస్టు ఇచ్చిన బిల్డింగ్ ఓనరు’ అన్నచోట హనుమయ్య సంతకం పెట్టాడు.